బడి గోడలో పది అడుగులు పిల్లలకు వదలండి: ఒక బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల పాఠశాల విద్యాశాఖ ఉన్నతాధికారులకు, మండల విద్యాధికారులకు, ప్రాథమిక పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు,

నమస్కారం.

ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలంతా కలిసి ఒకే బొమ్మ వేసే పని గురించి ఇదివరకే విన్నవించాం. స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సముదాయం) సమావేశాల్లో నోటిమాటగా చెప్పాం, కాగితం మీదా రాసి ఇచ్చాం. ‘చూద్దాం’ అన్నారు. ఆ చూడటం ఇంకా మొదలు కాలేదు. అందుకే ఈసారి తల్లిదండ్రులు కూడా చదివేలా బహిరంగంగా రాస్తున్నాం.

అడిగేది పెద్దదేమీ కాదు. ప్రతి ప్రాథమిక పాఠశాలలో పది అడుగుల గోడ, నెలకు రెండుసార్లు వెంటవెంటనే రెండు పీరియడ్లు, మూడు బడులకు కలిపి ఏడాదికి ఒక పెట్టెడు సామాను. వాటితో ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలందరూ ఒక నైరూప్య చిత్రం వేస్తారు. నైరూప్యం అంటే గుర్రమో గుడిసో కాకుండా గీత, ఆకారం, రంగు మాత్రమే ఉండే బొమ్మ.

నైరూప్యమే ఎందుకు అని అడుగుతారు. గుర్రం వెయ్యమంటే తరగతిలో నలుగురైదుగురు వేస్తారు, మిగతావాళ్ళు రబ్బరుతో చెరుపుతూ కూర్చుంటారు. ‘నాకు బొమ్మలు రావు’ అన్న మాట పిల్లలు నేర్చుకునేది అక్కడే. గీతను గోడ మీద నడిపించమంటే, ఈ రంగు పక్కన నీకు నచ్చిన రంగు పెట్టమంటే, రాదనే పిల్లాడు ఉండడు. ముప్పై మంది చేతులు ఒకే బొమ్మలో ఇమడాలంటే ఇంతకంటే సులువైన దారి లేదు. ముప్పై మంది కలిసి ఒక గుర్రాన్ని వెయ్యలేరు కదా.

ఇది పరాయి విద్య అనుకోనక్కర్లేదు. ధనుర్మాసంలో ప్రతి వాకిట్లో చుక్కలు పెట్టి, మెలికలు తిప్పి వేసే ముగ్గు నైరూప్య చిత్రమే. ‘ఇదేం బొమ్మ’ అని దాన్ని ఎవరూ అడగరు. చిత్రకారుడు సయ్యద్ హైదర్ రజా (1922–2016) మళ్ళీ మళ్ళీ వేసిన ‘బిందువు’ మధ్యప్రదేశ్‌లో ఒక పల్లె బడిలో పుట్టింది. కుదురుగా కూర్చోలేని చిన్నారి రజా కోసం ఉపాధ్యాయుడు గోడ మీద ఒక చుక్క పెట్టి, దాన్నే చూస్తూ ఉండమన్నాడు. ఆ గోడా ప్రాథమిక పాఠశాలదే. మన కరీంనగర్ జిల్లాలో పుట్టిన చిత్రకారుడు పాకాల తిరుమల్ రెడ్డి (1915–1996) తంత్ర సాధనలో వాడే రేఖాచిత్రాల ప్రేరణతో వృత్తాలనూ త్రికోణాలనూ బొమ్మకట్టారు. నైరూప్య చిత్రకళకు ఆద్యుల్లో ఒకడైన రష్యన్ చిత్రకారుడు వాసిలీ కాండిన్‌స్కీ పిల్లల బొమ్మలను సేకరించేవాడు. 1912లో మిత్రులతో కలిసి తెచ్చిన సంకలనంలో పెద్ద చిత్రకారుల బొమ్మల పక్కనే వాటినీ అచ్చు వేయించాడు. పిల్లల దగ్గర నేర్చుకున్నదాన్నే తిరిగి పిల్లలకు ఇస్తున్నాం, అంతే.

ఇక అసలు సంగతులు. ఎక్కడ ఆగిపోతోంది, ఎందుకు ఆగిపోతోంది, అందువల్ల ఎవరికి నష్టం?

1. సమయం

పీరియడ్ 40 నిమిషాలు. ఫ్లెక్సీలు పరిచి (ఎన్నికలయ్యాక మిగిలే ఫ్లెక్సీలకు ఇంతకంటే మంచి ఉపయోగం లేదు), నీళ్ళు తెచ్చి, రంగు పంచేసరికి పది నిమిషాలు పోతాయి. చివర కుంచెలు కడగడానికి, చేతులు కడుక్కోవడానికి, నేల తుడవడానికి పదిహేను నిమిషాలు కావాలి. చేతిలో మిగిలేది పదిహేను. ముప్పై మందిలో సగం మందికి కుంచె అందకముందే గంట కొడతారు. అందని పిల్లలు ఎవరో చెప్పక్కర్లేదు: వెనక కూర్చునేవాళ్ళు, గట్టిగా అడగనివాళ్ళు. వెంటవెంటనే రెండు పీరియడ్లు ఇస్తే అదే పనికి 55 నిమిషాలు దొరుకుతాయి. అంటే సమయం రెట్టింపు ఇస్తే పని మూడు రెట్లకు పైగా అవుతుంది.

అదీ మధ్యాహ్న భోజనం తర్వాతే ఇవ్వాలి. భోజనానికి ముందు పెడితే గోళ్ళ సందుల్లో రంగుతోనే అన్నంలో చెయ్యి పెడతారు.

2. గోడ

బడి గోడలకు రంగులు వేయించే పథకాలు రెండు రాష్ట్రాల్లోనూ వచ్చాయి, మంచిదే. పెయింటర్లు వచ్చి కార్టూన్ బొమ్మలు, జంతువులు, నాయకుల ముఖాలు, ఎక్కాలు వేసి వెళ్ళారు. ఆ తర్వాత పిల్లలు వేలు ముట్టించినా ‘గోడ పాడుచేస్తున్నారు’ అన్న మాట పడుతోంది. పిల్లల బడిలో పిల్లల చెయ్యి పడిన గోడ ఒక్కటీ మిగల్లేదు.

మేము అడిగే పట్టీ కొలత ఇది: పొడవు 10 అడుగులు, ఎత్తు 3 అడుగులు, నేల నుంచి అడుగున్నర వదిలి మొదలు. ఆ అడుగున్నర ఎందుకంటే గోడ అడుగున తేమ లాగుతుంది, ఉప్పు పొంగి రంగు పొరలు పొరలుగా లేస్తుంది. వాన చినుకులకు ఎగిరే మట్టీ అక్కడే పడుతుంది. పైన నాలుగున్నర అడుగుల దగ్గర ఆపడం ఎందుకంటే చిన్న తరగతుల పిల్లలకు చెయ్యి అంతకు మించి అందదు. కుర్చీ, బల్ల, నిచ్చెన ఏవీ వద్దు. అందని చోటు ఉందంటే అక్కడ మాస్టారు వేస్తారు, లేదా ఎత్తుగా ఉన్న ముగ్గురు మగపిల్లలు వేస్తారు. బొమ్మ అక్కడితో వాళ్ళదైపోతుంది.

సున్నం వేసిన గోడ అయితే ముందు కొబ్బరిపీచుతోనో ఇనప బ్రష్‌తోనో గీకి, కడిగి, రెండు రోజులు ఆరనివ్వాలి. సున్నపు పొడి మీద వేసిన రంగు గోడను పట్టుకోదు, పొడిని పట్టుకుంటుంది. ఆ పొడి రాలినప్పుడు రంగూ రాలుతుంది. కొత్తగా సిమెంటు పూత పూసిన గోడ అయితే నాలుగు వారాలు ఆగాలి. పడమటి గోడ వద్దు. మధ్యాహ్నపు ఎండకు రంగు కుంచె మీదే గట్టిపడుతుంది. తూర్పు గోడ అయితే మధ్యాహ్నం నీడ ఉంటుంది.

3. రంగులు

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. డబ్బు వృథా అయ్యేదీ, పిల్లల ఆరోగ్యానికి ముప్పు వచ్చేదీ ఇక్కడే.

ఎవరి ఇంట్లోనో మిగిలిన ఆయిల్ పెయింటు డబ్బాలు బడికి ఇవ్వడం దాతల అలవాటు. తీసుకోవద్దని స్పష్టంగా ఉత్తర్వు ఇవ్వండి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు) మించకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమలైంది. అంతకు ముందరి డబ్బాలో ఎంత ఉందో ఎవరికి తెలుసు? పైగా ఆయిల్ పెయింటు కడగాలంటే టర్పెంటైనో థిన్నరో కావాలి. అవి ఆరేళ్ళ పిల్లల దగ్గర ఉండాల్సిన వస్తువులు కావు.

డిస్టెంపర్ చవక. కానీ తడి చెయ్యి తగిలితే ఊడి చేతికి వస్తుంది, ఒక వానాకాలం గడిచేసరికి బొమ్మ ఉండదు. హోలీ రంగు పొడులు జిగురులో కలిపి వేసేవారూ ఉన్నారు. కలిపేటప్పుడు లేచే పొడి పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది, గోడ మీది రంగు ఎండకు వెలిసిపోతుంది. ఈ రెండూ వద్దు.

కావలసింది బయటి గోడలకు వేసే, నీళ్ళతో కలిసే ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ రంగు. 30 చదరపు అడుగుల పట్టీకి లెక్క ఇది: ప్రైమర్ (రంగుకు ముందు వేసే తొలి పూత) అర లీటరు, తెలుపు ఒక లీటరు, మిగతా రంగులన్నీ కలిపి మరో లీటరు. నున్నటి గోడ మీద లీటరు ఎమల్షన్ రెండు పూతలకు సుమారు 50 చదరపు అడుగులు వస్తుంది. బడి గోడలు గరుకు కాబట్టి అంత రాదు. అందుకే ఈ లెక్కలో కొంచెం వదులు ఉంచాం.

చిక్కు ఎక్కడంటే, ముదురు ఎరుపు, నీలం, పసుపు దుకాణంలో మిషన్ మీద కలిపి ఇస్తారు. సాధారణంగా లీటరుకు తక్కువ ఇవ్వరు. ఒక్క బడికి మూడు లీటర్లు ఎక్కువ. దాంతో ప్రధానోపాధ్యాయులు చిన్న స్టెయినర్ (చిక్కటి రంగు ద్రవం) సీసాలు కొని తెలుపులో పోస్తారు. స్టెయినర్‌తో లేత గులాబీ, లేత నీలం వస్తాయి తప్ప నిండు రంగు రాదు. నిండుగా రావాలని సీసా అంతా ఒంపితే రంగు సరిగా ఆరదు, నెల తర్వాత ముట్టుకున్నా చేతికి అంటుతుంది. దీనికి విరుగుడు కాంప్లెక్స్ స్థాయిలో కొనుగోలు: మూడు రంగులు, ఒక్కొక్కటి లీటరు డబ్బా, మూడు బడులకు పంపకం. ఇది ఒక్క ఉత్తర్వుతో అయ్యే పని.

ఊళ్ళో దొరికేవీ కొన్ని ఉన్నాయి. జాజు ఎర్రటి మట్టిరంగు, ఎండకు వెలవదు. తెల్లజిగురుతో కలిపితే గీతలకు చక్కగా పనికొస్తుంది. వంటింటి పసుపు మాత్రం గోడకు పనికిరాదు. ఎండకు వారాల్లో మాయమవుతుంది, సున్నపు గోడ మీద వేస్తే ఎర్రగా తిరుగుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని ప్రతి అమ్మమ్మకూ తెలుసు. దాన్ని కాగితం మీద చేయించి, సైన్సు పాఠంగా వాడుకోవచ్చు.

4. పని నడిచే తీరు

గోడ మీద ఒక్కో బిడ్డకు రెండు అడుగుల చోటు కావాలి. పది అడుగుల్లో ఒకసారికి ఐదుగురు. ముప్పై మందైతే ఆరు జట్లు. ఒక జట్టు గోడ దగ్గర, ఒకటి రంగులు కలిపే చోట, ఒకటి కుంచెలు కడిగే చోట. మిగతా మూడు జట్లు కింద కూర్చుని కాగితం పని. తొమ్మిది నిమిషాలకోసారి ఈల వేసి జట్లు మారతాయి. దీన్ని నాలుగు విడతలుగా చేయాలి.

మొదటి విడత గీత. మొదటి బిడ్డ పట్టీ అంచు నుంచి చెయ్యి చాచినంత మేర గీస్తుంది. అది ఆగిన చోట రెండో బిడ్డ అందుకుంటుంది. పాత గీతను కనీసం ఒక్కసారి దాటాలన్నది ఒకటే నియమం. చివరి బిడ్డ గీతను మొదలైన చోటికి తెచ్చి కలుపుతుంది. బొగ్గుతో గీయొద్దు. పసుపు రంగు తగలగానే బొగ్గు అందులో కలిసి మురికి ఆకుపచ్చ అవుతుంది. పలుచటి జాజుతో సన్నని కుంచెతో గీస్తే ఆ బాధ లేదు. గీతల మధ్య అరచేతి కంటే చిన్న గదులు పడకుండా చూడాలి, అంగుళం కుంచె వాటిలో తిరగదు.

ఇలా ఒకే గీత తనను తాను దాటుకుంటూ తిరిగి మొదటికి వచ్చి కలిస్తే, పక్కపక్క గదులకు ఒకే రంగు పడకుండా మొత్తం రెండే రంగులతో నింపవచ్చు. ఎన్ని మెలికలు తిరిగినా సరే. గీత చివర కలవకపోతే మాత్రం ఎక్కడో ఒకచోట గీతకు రెండు వైపులా ఒకే రంగు పడి లెక్క తప్పుతుంది. ఐదో తరగతి పిల్లలు ఇది నిజమా కాదా అని పలక మీద పదిసార్లు గీసి చూసుకుంటారు. గణితం పీరియడ్ పోతోందని బాధపడే అధికారులు ఈ ఒక్క సంగతి గమనించాలి.

రెండో విడతలో పసుపు, ఎరుపు మాత్రమే. వాటిని కలిపితే వచ్చే నారింజ ఛాయలు కూడా. మూడో విడతలో నీలం, తెలుపు మాత్రమే. అన్ని రంగులూ ఒకేసారి ఇస్తే అరగంటలో గోడంతా బురద రంగు వస్తుంది. ఎరుపు, పసుపు, నీలం మూడూ తడిగా కలిస్తే గోధుమ బురదే, ఇందులో పిల్లల తప్పు లేదు. ఒక రంగు ఆరాక దాని పక్కన ఇంకొకటి పడాలి. అప్పటిదాకా రెండు రంగుల మధ్య వేలెడు ఖాళీ వదలమనాలి. ఆ ఖాళీ నాలుగో విడతలో గీతగా మారుతుంది. ‘వాడు నా రంగు మీద వేశాడు’ అన్న ఏడుపులు కూడా ఈ వేలెడు ఖాళీతోనే చాలావరకు తగ్గుతాయి.

రంగును టీ కప్పులో రెండు చెంచాలకు మించి పొయ్యొద్దు. మిగిలింది ఎండిపోతుంది, ఒలికింది పోతుంది. ఒకటో తరగతికి కుంచె కంటే పాత పరుపు స్పంజి మేలు: రెండు అంగుళాల ముక్క, దానికి బట్టలు ఆరేసే క్లిప్పు పిడిగా. చూపు తక్కువ ఉన్న పిల్లల కోసం ఒక మూల గీత మీద జనపతాడు అంటిస్తే వేళ్ళతో తడుముతూ అంచు పట్టుకుంటారు. తర్వాత మిగతా పిల్లలంతా ఆ మూలకే ఎగబడతారు.

చేయకూడనివి రెండు. మాస్టారు ముందుగా బొమ్మ గీసి పిల్లల చేత రంగు నింపించకూడదు, అది రంగుల పుస్తకాన్ని గోడకెక్కించడమే. అందరూ వెళ్ళాక మాస్టారు ‘కొంచెం సరిచేయడం’ అసలే కూడదు. మర్నాడు వచ్చిన పిల్లలు తమ చెయ్యి ఎక్కడ మారిందో ఇట్టే పసిగడతారు.

డచ్ చిత్రకారుడు పీట్ మోండ్రియన్ తరహా నలుచదరాలు, నల్ల గీతలు నాలుగు, ఐదు తరగతులకే. కొలత, వైశాల్యం, భిన్నాలు అందులో బాగా కుదురుతాయి. మాస్కింగ్ టేపు అంచును గోరుతో నొక్కి, రంగు పూర్తిగా ఆరకముందే తీయాలి. బ్రౌన్ టేపు వాడితే కింది పూత కూడా ఊడి వస్తుంది. అమెరికా చిత్రకారుడు జాక్సన్ పొలాక్ పద్ధతిలో రంగు చిలకరించడం శిక్షణల్లో వేడుకగా ఉంటుంది కానీ, ముప్పై మంది పిల్లల దగ్గర అది ఐదు నిమిషాల్లో హోలీ అవుతుంది. ఆ జోలికి పోవద్దనే మా సలహా.

5. గోడ లేని బడులు

అద్దె భవనాల్లో, ఒకే గదిలో నడిచే బడులకు కాగితం, గుడ్డ ఉన్నాయి. కాండిన్‌స్కీ 1913లో వేసిన వృత్తాల అభ్యాసచిత్రంలో పన్నెండు చదరాలు, ఒక్కో చదరంలో ఒకదానిలో ఒకటి ఇమిడిన వృత్తాలు. ఏ4 కాగితం కంటే కాస్త పెద్దది, అంతే. ఏ రంగు పక్కన ఏ రంగు ఎలా కనిపిస్తుందో చూసుకోవడానికి ఆయన వేసుకున్న కాగితం అది.

22 × 28 అంగుళాల డ్రాయింగు షీటును 17 సెంటీమీటర్ల చదరాలుగా కోస్తే సరిగ్గా పన్నెండు వస్తాయి. 24 మంది పిల్లలకు రెండు షీట్లు చాలు. వరుసకు ఆరు చొప్పున నాలుగు వరుసలుగా అంటిస్తే 68 × 102 సెంటీమీటర్ల బొమ్మ. చదరాన్ని నాలుగు మడతలు పెట్టి విప్పితే మధ్య బిందువు దొరుకుతుంది. వృత్తాలు లోపలి నుంచి బయటికి వేయించాలి. బయటి నుంచి మొదలుపెడితే మధ్యలో చోటు చాలక పిల్లలు కాగితం మార్చమంటారు. వృత్తాలను మైనపు క్రేయాన్‌తో గట్టిగా ఒత్తి గీసి, పైన పలుచటి నీటిరంగు పూస్తే మైనం ఉన్నచోట నీరు నిలవదు, గీత మెరుస్తూ పైకి తేలుతుంది.

చార్టు వద్దు. నునుపు వైపు నీళ్ళు పీల్చదు, రెండో వైపు తడవగానే చుట్టుకుంటుంది. 150 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 150 గ్రాములు) లేదా అంతకంటే మందమైన షీటే తీసుకోవాలి. అంటించడానికి మైదా జిగురు వాడితే సెలవుల్లో బొద్దింకలూ ఎలుకలూ బొమ్మను తినేస్తాయి. వాటిని ఆపడానికి పోస్టర్లవాళ్ళు కలిపే మైలుతుత్తం విషం, బడిలోకి రానివ్వకూడదు. తెల్లజిగురు పలుచగా పూసి పాత చీర మీదో దుప్పటి మీదో అంటిస్తే చుట్టి దాచుకోవచ్చు.

కోరా గుడ్డ మీద నేరుగా వేయాలంటే ముందు ఉతికి గంజి పోగొట్టాలి. తర్వాత తెల్లజిగురు ఒక పాలు, నీళ్ళు మూడు పాళ్ళు కలిపి పూసి ఆరబెట్టాలి. లేకపోతే రంగు పాకిపోతుంది. శ్రీకాళహస్తి కలంకారీవాళ్ళు కరక్కాయ, గేదెపాలు పట్టించేది ఈ పాకుడును ఆపడానికి కూడా. ఆ జిల్లాల బడులకు దీన్ని చూపించే చేతులు ఊళ్ళోనే ఉన్నాయి.

6. ఏకోపాధ్యాయ పాఠశాల

ఐదు తరగతులకు ఒక్కరే ఉన్నచోట ఇది అదనపు భారం అనుకుంటారు. ఐదు తరగతులూ ఒకేసారి ఒకే పనిలో ఉండే పాఠం మరొకటి చూపించండి. ఒకటో తరగతి స్పంజి అద్దుతుంది, రెండోది గీతల మధ్య గదులు నింపుతుంది, మూడోది గీత గీస్తుంది, నాలుగోది రంగు కలుపుతుంది, ఐదోది కొలుస్తుంది, లెక్క రాస్తుంది.

7. తల్లిదండ్రుల జేబు, పిల్లల మనసు

బడిలో కలిసి వేసే బొమ్మ లేనిచోట ‘ప్రాజెక్టు’ పేరుతో చార్టులు ఇంటికి వెళ్తున్నాయి. కూలికి వెళ్ళి వచ్చిన తల్లి రాత్రి పూట స్టేషనరీ దుకాణంలో చార్టు, స్కెచ్ పెన్నులు, అతికించే బొమ్మల షీటు కొంటోంది. చదువు రాని తల్లి పక్కింటి డిగ్రీ అమ్మాయిని బతిమాలుకుంటోంది. కొనలేని ఇంటి బిడ్డ మర్నాడు బడి మానేస్తోంది, లేదా వట్టి చేతులతో నిలబడుతోంది. ఆ చార్టులో పిల్లల చెయ్యి పడింది ఎంత?

పోటీల సంగతి ఇంకో రకం. ఆగస్టు 15కు, జనవరి 26కు, బాలల దినోత్సవానికి చిత్రలేఖనం పోటీ. ప్రతిసారీ అదే ముగ్గురికి బహుమతి, అదే సూర్యోదయం, అదే రెండు కొండల మధ్య నది. పోటీ పెట్టిన ప్రతిసారీ మిగతా పిల్లలు తమకు రాదన్న సంగతిని ఇంకాస్త గట్టిగా నమ్ముతున్నారు. ఆరేడేళ్ళ పిల్లలకు ఆ నమ్మకం కలిగించడానికి మనం బహుమతులు కొనడం ఎందుకు?

జాతీయ విద్యావిధానం 2020 కళల సమన్వయంతో బోధన అంటోంది. అంతకు ముందు 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కళలు పదో తరగతి దాకా ఉండాలంది. విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూలులో కళావిద్యకు పార్ట్‌టైం బోధకుడు ఉన్నది ఆరు నుంచి ఎనిమిది తరగతులకు, అదీ వంద మందికి పైగా ఉంటేనే. ఒకటి నుంచి ఐదు దాకా ఆ మాటే లేదు. చెయ్యి వంగే వయసులో మాస్టారు లేరు, ‘నాకు రాదు’ అని తేల్చుకున్నాక మాత్రం మాస్టారు వస్తారు, వచ్చిన చోట.

ఇక మా కోరికలు, వరుసగా:

ఒకటి. నెలకు రెండుసార్లు, భోజన విరామం తర్వాత, వెంటవెంటనే రెండు పీరియడ్లు ఈ పనికని టైంటేబుల్‌లో రాయించండి. ‘వీలునుబట్టి’ అని రాస్తే ఎప్పటికీ వీలుండదు.

రెండు. బడికి రంగులు వేయించే ఏ పనిలోనైనా 10 × 3 అడుగుల పట్టీని ప్రైమర్ కొట్టి ఖాళీగా వదలాలని అంచనా పత్రంలోనే చేర్చండి. పెయింటర్ ఉండగానే ప్రైమర్ పడితే అదనపు కూలి కూడా ఉండదు.

మూడు. సమగ్ర శిక్ష కింద వచ్చే పాఠశాల గ్రాంటు నుంచి ఈ సామాను కొనవచ్చని లిఖితపూర్వకంగా ఇవ్వండి. ముప్పై మంది లోపు ఉన్న బడికి ఏడాదికి 10,000 రూపాయలు, వంద మంది దాకా 25,000 ఆ పథకం నిర్ణయించినవే. చాక్‌పీసులకూ కరెంటు బిల్లుకూ లేని ఆడిట్ భయం కుంచెలకు ఎందుకో గాని ఉంది. ఒక వాక్యం రాసి ఇస్తే పోతుంది.

నాలుగు. కాంప్లెక్స్ స్థాయిలో మూడు బడులకు ఒక పెట్టె చొప్పున కొనుగోలు. పెట్టెలో ఉండాల్సిన సామాను: ప్రైమర్ లీటరున్నర, తెలుపు మూడు లీటర్లు, ఎరుపు, పసుపు, నీలం ఒక్కో లీటరు, అంగుళం కుంచెలు ముప్పై, సన్నవి పదిహేను, మాస్కింగ్ టేపు ఆరు చుట్లు, తెల్లజిగురు రెండు కిలోలు, డ్రాయింగు షీట్లు ముప్పై, మైనపు క్రేయాన్ల పెట్టెలు పదిహేను, నీటిరంగుల పెట్టెలు పదిహేను. జిల్లా కేంద్రంలో ఏ దుకాణంలోనైనా కొటేషన్ తీసుకుని చూడండి, మూడు బడుల గ్రాంటులో అది ఎంత వాటానో మీకే తెలుస్తుంది.

ఐదు. శిక్షణ ఒక్క రోజు చాలు. కానీ అది ప్రొజెక్టర్ ముందు కాదు, గోడ ముందు జరగాలి. ఉపాధ్యాయుల చేతికి రంగు అంటని శిక్షణ వద్దు.

ఆరు. ప్రాథమిక తరగతుల్లో చిత్రలేఖనానికి మొదటి, రెండో, మూడో బహుమతులు ఆపండి. ఆ డబ్బు పై పెట్టెలో వేయండి.

ఏడు. కాంప్లెక్స్‌కు ఒక డ్రాయింగు మాస్టారు, వారానికి ఒక బడి చొప్పున తిరిగేలా నియమించండి. ఇది ఖర్చుతో కూడినదని తెలుసు. మిగతా ఎనిమిదీ దీనికోసం ఆగనక్కర్లేదు.

ఎనిమిది. దయచేసి దీనికోసం మరో యాప్ పెట్టకండి. ప్రతి విడతకూ ఆరు ఫొటోలు అప్‌లోడ్ చేయమంటే ఉపాధ్యాయుడి చూపు ఫోన్ మీదే ఉంటుంది, తడి కుంచె పక్కవాడి చొక్కా మీద ఉంటుంది. ఏడాదికి ఒక్క ఫొటో చాలు.

తొమ్మిది. ఆ పట్టీకి రెండేళ్ళకోసారి తెల్లరంగు కొట్టి కొత్త పిల్లలకు ఇవ్వాలని కూడా ఉత్తర్వులోనే రాయండి. బాగుందని అలాగే ఉంచేస్తే తర్వాత చేరిన పిల్లలకు గోడ ఉండదు. పట్టీ మీద దాత పేరు, అధికారి పేరు, పథకం పేరు ఏదీ రాయకూడదు.

తనిఖీకి వచ్చినవారికి ఒక చిన్న మనవి. గోడ ముందు నిలబడి ‘ఇదేం బొమ్మ?’ అని అడగకండి. ‘ఇందులో నీ గది ఏది?’ అని అడగండి. పట్టీ మీద తమ చోటు చూపించలేని పిల్లలు ఎవరైనా ఉంటే పని సరిగా జరగలేదని అర్థం. ఇంతకంటే వేరే మూల్యాంకనం దీనికి అక్కర్లేదు.

గోడ పనికి మన దగ్గర అనువైన కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి. అక్టోబరు చివరికల్లా ఉత్తర్వు వచ్చి, నవంబరు మొదటి వారంలో ప్రైమర్ పడితే, నెలకు రెండు విడతల చొప్పున డిసెంబరు ఆఖరుకు నాలుగూ పూర్తవుతాయి. సంక్రాంతి సెలవులకు పిల్లలు ఇళ్ళకు వెళ్ళేసరికి రంగు గట్టిపడి ఉంటుంది. ఆ గడువు దాటితే వార్షిక పరీక్షలు, ఒంటిపూట బడులు, ఎండలు వస్తాయి, ఇంకో ఏడాది పోతుంది. అక్టోబరు నెలాఖరు దాకా మీ జవాబు కోసం చూస్తాం. రాకపోతే ఇదే లేఖను పాఠశాల కమిటీల సంతకాలతో జిల్లా జిల్లాకూ పట్టుకొస్తాం.

ఇట్లు,
ప్రాథమిక పాఠశాలల్లో చిత్రకళ నేర్పుతున్న ఉపాధ్యాయులం